గడప బయటి దువ్వెన

“తల దులుపుకోని లోపలికి రా.”

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి మా అత్త నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదే. తిన్నావా అని కూడా ఇన్నిసార్లు అడిగి ఉండదు. సాయంత్రం బస్సు దిగి, మార్కాపురం చివర మా వీధిలోకి మలుపు తిరిగేసరికే ఆమె వరండాలో నిలబడి ఉండేది. గేటు చప్పుడు కాగానే ఆ మాట. నేను చెప్పులు విడిచి, బ్యాగు అరుగు మీద పెట్టి, జడ విప్పి, నడుం వంచి, జుట్టంతా ముందుకు వేసుకుని దువ్వుకునేదాన్ని. పలకల ఫ్యాక్టరీ దుమ్ము అంత తొందరగా వదలదు. చెమటకు తడిసి కుదుళ్ళలో పేరుకుంటే గోటితో గీకితే తప్ప రాదు. వీధిలో పోయేవాళ్ళు చూసుకుంటూ పోయేవాళ్ళు. సరిగ్గా అదే వేళకు మా ఆయన సాగర్ తన సెల్‌ఫోన్ల దుకాణం నుంచి వచ్చేవాడు. దారి దుమ్మంతా ఒంటి మీద ఉన్నా, వంగి ఉన్న నన్ను తప్పించుకుని చక్కా లోపలికి పోయేవాడు. లోపల్నుంచి మాట వినపడేది. “అమ్మా, రేచల్ వచ్చింది గదా, టీ పెట్టమను.”

అత్త అంటే పరాయిది కాదు. యేసుమణి మా నాయనకు సొంత చెల్లెలు. మేనత్త ఇల్లయితే పిల్లను కడుపులో పెట్టుకుని చూస్తుందని కొనకనమిట్ల దగ్గర మా పల్లెలో అందరూ అన్నారు. కడుపు సంగతి దేవుడెరుగు, వంటింట్లోకి అడుగుపెట్టడానికే నాకు రోజూ ఒక పరీక్ష. అది కూడా ఎందుకు, వాళ్ళకు వండిపెట్టడానికి.

నేను మెకానికల్ ఇంజనీరును. ఫ్యాక్టరీల్లో భద్రత తనిఖీ చేసే ఒంగోలు ఏజెన్సీ ఒకదానిలో ఉద్యోగం. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా పలకల ఫ్యాక్టరీలు, రాళ్ళ క్వారీలు, కురిచేడు వైపు మిల్లులు నా కింద ఉండేవి. బెల్టుకు అడ్డు రేకు ఉందా, వైర్లు తెగి ఉన్నాయా, దుమ్ము ఎంత లేస్తోంది, నీళ్ళు చల్లుతున్నారా లేదా, ఇవన్నీ చూసి రాయడం నా పని. “నా కూతురు ఫ్యాక్టరీవోళ్ళకే తప్పులు రాస్తాది” అని మా నాయన కంది చేలో పనికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకునేవాడు. ఫ్యాక్టరీవాళ్ళు మాత్రం నన్ను చూసి, నా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని చూసేవాళ్ళు. “సార్ రాలేదా మేడం?” అనేవాళ్ళు. వచ్చింది నేనేనని చెబితే నవ్వి, నాకు కుర్చీ వేసి, యంత్రాల గురించి మా ఏజెన్సీ జీపు డ్రైవరుతో మాట్లాడేవాళ్ళు. బాత్రూం ఎక్కడని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. అంతమంది ఆడవాళ్ళు పనిచేసే చోట బాత్రూం లేదని రిపోర్టులో రాశాను. మేడంకు అర్జెంటయి రాసిందని చెప్పుకుని నవ్వుకున్నారట.

అక్కడ పని దిగే వేళ ఒకటి చూసేదాన్ని. కోత మిషన్ల దగ్గరి ఆడవాళ్ళు ఇళ్ళకు పోయేముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దానికి వీపు పెట్టి, వరసగా నిలబడి ముందుకు వంగేవాళ్ళు. జుట్టు విప్పి, కొంగులు విదిలించి, ఒకరి తల ఒకరు దువ్వుకున్నాక గానీ చంటిపిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు కాదు. ఆ దుమ్ము తగిలితే పిల్లలకు దగ్గు పట్టుకుంటుందని వాళ్ళ భయం. మగవాళ్ళు మాత్రం భుజం మీది తువ్వాలు ఒకసారి విదిలించి టీకొట్టు దారి పట్టేవాళ్ళు. మా అత్త కూడా వయసులో ఉన్నప్పుడు ఆ మిషన్ల దగ్గరే పనిచేసింది. మామ రాజరత్నం జీవితమంతా అక్కడే పనిచేశాడు. డాక్టర్లు టీబీ అంటే ఆ మందులే మింగి మింగి, నేను కాపురానికి రాకముందే పోయాడు. కాబట్టి అత్త నన్ను బయట ఎందుకు నిలబెడుతోందో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా? సాగర్ తల మీద దుమ్ము దుమ్ము కాదా?

నీళ్ళుంటే ఇంత బాధ లేదు. మా వీధికి ట్యాంకరు వస్తేనే నీళ్ళు. బోరు నీళ్ళతో తలంటుకుంటే నురగ రాదు, జుట్టు చీపురు పుల్లలవుతుంది. అందుకే ఆదివారం చర్చికి పోయేముందు మాత్రమే తలస్నానం. “వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వచ్చినాక రోజూ తలంటుకుందువులే” అని సాగర్ ఎగతాళి చేసేవాడు. ఒక సాయంత్రం విసుగెత్తి, రెండు దువ్వెనలు జతచేసి దారంతో కట్టి, మధ్యలో పాత నూలు చీర పేలిక తడిపి పెట్టి దువ్వుకున్నాను. పేలిక బూడిదరంగుకు తిరిగింది. మడత మార్చి మళ్ళీ దువ్వాను. మూడో మడతకు తల తేలికయింది. ఆ పూట అన్నం వండుతున్నానన్న మాటే గానీ, నా మనసంతా పళ్ళ మధ్య సందు ఎంత ఉండాలన్న దాని మీదే ఉంది. పళ్ళు నిటారుగా ఉంటే పేలిక జారిపోతోంది, కాస్త వాలుగా ఉంటే పట్టి ఉంటుంది, పేలిక తీసి ఉతుక్కోవడానికి ఒక గాడి ఉండాలి. ఆ ఇంట్లో నా బుర్ర నా కోసం పనిచేయడం అదే మొదలు. పప్పు మాడిపోయింది. “ఏంది, పప్పు ఇట్ల తగలేసినావు” అని అత్త అంది. “బీటెక్ పప్పు గదమ్మా, అట్లనే ఉంటాది” అన్నాడు సాగర్. ఆ రోజు మాత్రం నాకు కోపం రాలేదు.

ఆ రోజుల్లోనే శ్రీహరి గారి ఫ్యాక్టరీ మీద రిపోర్టు రాశాను. ఊళ్ళో పెద్దమనిషి. మా చర్చికి పైకప్పు రేకులు వేయించింది ఆయనే. కోత మిషన్ల దగ్గర దుమ్ము లాగే గొట్టాలు లేవు, నీళ్ళు చల్లే ఏర్పాటు లేదు, అవి పెట్టేదాకా మిషన్లు నడపరాదు అని రాశాను. ఆయన నాతో మాట్లాడలేదు. మా ఇంటికి వచ్చి సాగర్‌తో మాట్లాడాడు. కాఫీ ఇస్తే, కడుపులో బాగలేదమ్మా అన్నాడు. మా ఇళ్ళకు వచ్చిన పెద్దమనుషులకు ఎప్పుడూ కడుపులో బాగుండదు. “పాప బాగా చదువుకునింది సాగరూ, కాని లోకం తెలియదు. నువ్వు చెప్పాల” అని లేచిపోయాడు.

“ఆ ఒక్క లైను తీసేస్తే నీ చెయ్యి పడిపోతాదా?” అన్నాడు సాగర్. “రేకులేయించిన మనిషి. రేపు చర్చిలో నేను తలెత్తుకోని కూర్చోవాల్నా వద్దా?”

నేను తీయలేదు. ఒంగోలులో మా మేనేజరు తీసేసి, కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. నా పక్క సీటు అతను పెట్టాడు. మర్నాడే రాజీనామా ఇచ్చి, బస్సులో పొదిలి దాటేదాకా ఏడ్చుకుంటూ వచ్చాను. ఇంట్లో చెబితే సాగర్ నా భుజం తట్టాడు. నా పక్షాన మాట్లాడతాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను చూడండి, ఆ ఆశకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. “మంచి పని చేసినావు. ఇంగ ఇంటిపట్టున ఉండొచ్చు. అమ్మకు గూడ చేతకావడంలేదు” అన్నాడు. నా ఆత్మగౌరవం కోసం నేను వదిలిన ఉద్యోగం వాళ్ళకు జీతం లేని వంటమనిషిని తెచ్చిపెట్టింది.

పాప పుట్టింది, బడికి పోయే వయసు వచ్చింది. ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, పాపను పడుకోబెట్టి, మిగిలిన వేళల్లో దువ్వెన బొమ్మలు గీసుకున్నాను. గుంటూరులో ప్లాస్టిక్ అచ్చులు చేసే ఆయనతో ఫోనులో కొట్లాడి కొట్లాడి, పళ్ళ వాలు నేను చెప్పినట్టే పెట్టించాను. దుమ్ము తలకు ఒకటి, పేలకు ఒకటి, మగవాళ్ళ గడ్డానికి ఒకటి. సాగర్ స్నేహితులను ఇంటికి పిలిచి చూపించేవాడు. “ఇంజనీరు చదివి దువ్వెనలు చేస్తాంది. రేపు రిబ్బన్లు అమ్ముతాది, ఎల్లుండి బొట్టుబిళ్ళలు.” వాళ్ళు నవ్వేవాళ్ళు, నేను వాళ్ళ ఎంగిలి గ్లాసులు తీసేదాన్ని.

గిద్దలూరులో బ్యూటీ పార్లరు నడిపే ఆమె తీసుకుని మళ్ళీ కావాలంది. ఆమె చెబితే మంగలి షాపులవాళ్ళు అడిగారు. సంతల్లో అడిగారు. అప్పుడు సాగర్ నవ్వడం మానేశాడు. “దువ్వెనలంటే ఎవరు లెక్కచేస్తారు? గ్రూమింగ్ ప్రొడక్ట్స్ అనాల” అన్నాడు. ఆ పేరుతో కార్డులు కొట్టించాడు. కార్డు మీద సాగర్, వ్యవస్థాపకుడు. రిజిస్ట్రేషను కూడా ఆయన పేరు మీదే. “నీ పేరు మీద పెడితే ఆఫీసుల చుట్టూ నువ్వు తిరగాల. పాప ఉండాది, అమ్మ ఉండాది. నీకెందుకు ఆ తిప్పలు?” అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, ఎక్కడ కాదనాలో నాకు దొరకలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మ ఎప్పుడూ అనే మాట. పేలికలు కత్తిరించేది నేను, పెట్టెల్లో సర్దేది నేను, విరిగిన పళ్ళవి ఏరిపారేసేది నేను.

ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో సాగర్ లేచి నిలబడ్డాడు. మా చర్చిలో దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. ఆడవాళ్ళు కూడా చెప్పుకోవచ్చు గానీ, రోగాలు నయమైనవీ, పిల్లలు పుట్టినవీ మాత్రమే చెప్పుకుంటారు. “ప్రభువు ఒక రాత్రి నాకొక ఆలోచన ఇచ్చినాడు” అన్నాడు సాగర్. “దుమ్ములో పనిచేసే మన అక్కచెల్లెళ్ళ కోసం ఒక దువ్వెన చెయ్యమని నా మనసులో చెప్పినాడు.” అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళ వైపు చాప మీద, తల మీద కొంగు కప్పుకుని నేనూ కూర్చుని ఉన్నాను. దేవుడు నాతో మాట్లాడడానికి మా ఆయన ద్వారానే రావాలి గాబోలు అనుకున్నాను. పక్కనున్నామె నా మోచెయ్యి తాకి, నీ మొగుడు ఎంత తెలివిగలోడు అంది. నేను తల ఊపాను. ఆ ఊపినందుకు ఆ రోజంతా మెడ నొప్పి పుట్టింది.

ఇదంతా మింగగలిగాను. చాలామంది మింగుతున్నదే. శ్రీహరి గారు రెండోసారి మా ఇంటికి వచ్చిన రోజు వరకూ మింగాను.

ఈసారి ఆయన నాతో మాట్లాడాడు. కాఫీ మాత్రం ఈసారి కూడా కడుపులో బాగలేకనే తాగలేదు. “అమ్మా రేచల్, నీ చెయ్యి పడాల” అన్నాడు. ఆయన దగ్గర రాతి టైల్స్ కొనే బెంగళూరు కంపెనీ ఒకటి, పనివాళ్ళకు దుమ్ము నుంచి రక్షణ ఉందని ఒక ఇంజనీరు రాసిస్తేనే కొంటామందట. దానికి ఆయన తన ఫ్యాక్టరీలో అందరికీ, తన చుట్టాల ఫ్యాక్టరీల్లో అందరికీ మా దువ్వెనలు కొంటాడు. నేను చేయవలసిందల్లా ఒక కాగితం మీద సంతకం. ఈ దువ్వెనల వాడకం వల్ల పనివాళ్ళు దుమ్ము నుంచి సురక్షితంగా ఉన్నారు, వేరే ఏర్పాట్లు అవసరం లేదు అని టైపు చేయించి తెచ్చాడు. కింద నా పేరు, పక్కన బీటెక్, దాని కింద సేఫ్టీ ఇంజనీరు. ఇన్నేళ్ళ తర్వాత నా చదువు అచ్చులో చూడడం అదే మొదలు.

“నీళ్ళు, గొట్టాలు పెట్టించొచ్చు గదా సార్” అన్నాను.

“అవి పెడితే కరెంటు బిల్లు ఎవరు కడతారమ్మా? దుమ్ము పోవడానికి నీ దువ్వెనే ఉండాది గదా.”

ఆయన పోయాక సాగర్ ఆ కాగితం నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. “ఇది మన బతుకు మార్చే ఆర్డరు. అప్పుడు ఒక లైను పట్టుకోని ఉద్యోగం పోగొట్టుకున్నావు. ఈసారి తిక్క పనులు చెయ్యాకు.” కంపెనీ మనిషి చూడడానికి వచ్చే రోజు వరకు ఆలోచించుకుంటానన్నాను. సంతకానికి ఆలోచనేందని కసిరాడు. ఆ కాగితం వైపు చూస్తూ కూర్చుంటే ఒక్క సంగతి బోధపడింది. దువ్వెన సాగర్ పేరు మీద ఉంది. అబద్ధం నా పేరు మీద పెడుతున్నారు.

మర్నాడు పాప బడికి పోయాక శ్రీహరి గారి ఫ్యాక్టరీకి పోయాను. నమూనాకు ముందే ఇచ్చిన దువ్వెనలు ఎట్లా పనిచేస్తున్నాయో చూస్తానని చెబితే వాచ్‌మన్ వదిలాడు. మిషన్లు అట్లాగే ఉన్నాయి. నేను రాసినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే. రాయి మీద బ్లేడు పడగానే మనిషి కనిపించనంత దుమ్ము. పని దిగే వేళకు ఆడవాళ్ళు గాలికి వీపు పెట్టి వంగారు, అందరి చేతుల్లోనూ నా దువ్వెనలే. కడుపు నిండాల్సిన దృశ్యం. అరుణ అని నా ఈడు మనిషి, దువ్వెనలోంచి పేలిక తీసి చూపించింది. “బాగ పనిచేస్తాది మేడం. తలకాయ శుభ్రంగుండాది. రొమ్ములోనే పట్టేసినట్టుంటాది” అంది. అని దగ్గడం మొదలుపెట్టి, ఆపలేక కింద కూర్చుంది. డాక్టరు టీబీ అన్నాడట, మందులు రెండోసారి మొదలుపెట్టారట.

“కఫం పరీక్షలో టీబీ కనపడిందా?” అని అడిగాను.

“ఏమీ లేదంటారు. మందులు మాత్రం తినమంటారు.” ఆయాసం తగ్గాక నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు అప్పట్లో మిషన్లు ఆపమని రాసినావంట గదా. మళ్ళీ అట్ల రాయాకు మేడం. ఆపితే మాకు కూలెవురిస్తారు? గొట్టాలు పెట్టమని రాయి.”

ఆ మాటకు సిగ్గేసింది. ఇంజనీరుగా నాకు తెలిసిందల్లా మిషను ఆపడమే. ఆగిన మిషను ముందు నిలబడే మనిషికి అన్నం ఎట్లా అన్నది నా చదువులో లేదు. అరుణ పేలిక, ఇంకో నలుగురి పేలికలు అడిగి తీసుకుని, ప్లాస్టిక్ సంచిలో వేసుకుని వచ్చాను. తల మీద పడినంత దుమ్మూ పేలికకు వస్తుంది. అంతకన్నా సన్నటిది, కంటికి ఆనని దుమ్ము ముక్కులోంచి లోపలికి పోతుంది. దాన్ని తీసే దువ్వెన నేనే కాదు, ఎవరూ చేయలేరు. ఆ మాట నాకు మొదట్నుంచీ తెలుసు. అది తెలిసిన మనిషి చేతే, అది అబద్ధమని రాయించుకోవాలనుకుంటున్నారు.

గేటు తీశాను. అత్త వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. అలవాటుగా ఆ మాట అనబోయి, నా చేతిలో సంచి చూసి ఆగింది. ఒక పేలిక బయటికి తీసి వేళ్ళ మధ్య నలిపింది.

“మీ మామ దిండు గలేబు గూడ ఇట్లనే ఉండేది” అంది. “ఉతికే కొద్దీ నీళ్ళు నల్లగా దిగేవి. నేను ఎంత ఉతికినా ఆ మంచానికి ఆ దుమ్ము వాసన పోలేదు.”

“ఆయన టీబీతో పోలేదు అత్తా. ఈ దుమ్ముతో పోయినాడు.”

“నాకు తెలుసు” అంది. ఎంత మామూలుగా అందంటే నేను తిరిగి చూశాను. “ఇదే ఫ్యాక్టరీలో పనిచేసినోళ్ళందరికీ టీబీ వస్తాదా? పొలం పనికి పోయినోళ్ళకు రాకుండా? మాకు తెలుసులే. ఎవురికి చెప్పాల? మూడుతూర్లు మందులు మింగినాడు, నెత్తురు కక్కి పోయినాడు. ఇప్పుడు నన్ను గూడ అవే తినమంటారు.” దగ్గింది. ఎన్నేళ్ళుగానో వింటున్న దగ్గు. ముసలితనం దగ్గనుకున్నాం. “అందుకేనే నిన్ను బయట నిలబెట్టేది. ఆ దుమ్ము మళ్ళీ నా ఇంట్లోకి రాకూడదని.”

జాలి పడాల్సిన చోట కూడా నాకు కోపమే వచ్చింది.

“మామను ఎప్పుడన్నా బయట నిలబెట్టినావా అత్తా?”

ఆమె నా వైపు వింతగా చూసింది.

“మొగోణ్ణి ఎట్ల నిలబెడతా?” అంది.

ఆ మాట అన్నాక తనే పేలిక వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ దుమ్ముతోనే ఆయన అన్నం తిన్నాడు, ఆమె పక్కన పడుకున్నాడు, కొడుకును ఎత్తుకున్నాడు. తను మాత్రం ఇంటికొచ్చేముందు గాలికి వంగి దులుపుకుంది, ఆయన తెచ్చిన దుమ్మును ఉతికింది, ఊడ్చింది, పీల్చింది. నాకు పెట్టిన నియమం ఆయనకు పెట్టి ఉంటే, తన ఊపిరయినా కొంత మిగిలి ఉండేది. ఆ లెక్క ఆమె కళ్ళలో జరుగుతోందని నాకు అర్థమైంది. లేచి పోయి బియ్యం కడిగాను.

బెంగళూరు కంపెనీ నుంచి మనిషి వచ్చే రోజు శ్రీహరి గారు ఫ్యాక్టరీ ముందు షామియానా వేయించాడు. సాగర్ కొత్త చొక్కా వేసుకుని అట్టపెట్టెలతో ముందే పోయాడు. దువ్వెనలు పంచుతున్నట్టు మిషన్ల దగ్గర ఫొటోలు తీయించుకోవాలట. నేను పాపను బడికి పంపి తర్వాత పోయాను. కారులోంచి వాణి అని ఒక అమ్మాయి దిగింది. నంద్యాల పిల్లనని చెప్పుకుంది. శ్రీహరి గారు ఆమెకు నమస్కారం పెట్టి, ఆమె వెనక కారులోకి చూశాడు. “సార్ రాలేదా మేడం?” అన్నాడు.

“నేనే వచ్చినా సార్” అంది ఆ పిల్ల. విసుగు లేకుండా అనడం అప్పటికే నేర్చుకుంది పాపం.

సాగర్ నాకు సైగ చేశాడు. నేను కాగితం, పేలికల సంచి వాణి చేతికి ఇచ్చాను. శ్రీహరి గారు టైపు చేయించిన కాగితం కాదది. నా చేత్తో రాసింది.

“ఈ దువ్వెనను ఆలోచించి, గీసి, తయారుచేయించిన ఇంజనీరును నేను, రేచల్. ఇది తల మీద పడిన దుమ్ము తీస్తుంది. ఊపిరితో లోపలికి పోయిన దుమ్మును ఏ దువ్వెనా తీయలేదు. ఈ ఫ్యాక్టరీలో కోత మిషన్ల దగ్గర దుమ్ము లాగే గొట్టాలు లేవు, నీళ్ళు చల్లే ఏర్పాటు లేదు. అవి వెంటనే పెట్టాలి. పెట్టే రోజుల్లో పనివాళ్ళ కూలి ఆపకూడదు. పేలికలు జతచేశాను.”

కూలి మాట నా పాత రిపోర్టులో లేదు. అరుణ చెప్పాక చేర్చాను. కింద సంతకం. ప్రభుత్వ తనిఖీ ఆఫీసుకు ఇంకో కాపీ పొద్దున్నే పోస్టులో వేసి వచ్చాను.

వాణి రెండుసార్లు చదివింది. పేలికను వెలుతురుకు పట్టి చూసింది. “గొట్టాలు ఎక్కడున్నాయి సార్? ఒకసారి చూపిస్తారా?” అంది. శ్రీహరి గారు ఆమెకు జవాబు చెప్పకుండా సాగర్ వైపు చూశాడు. సాగర్ మిషన్ల దగ్గర్నుంచి గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

“ఏం రాసినావే?”

“నువ్వడిగిందే బావా” అన్నాను. “నా సంతకం.”

ఆటో ఎక్కి ఇంటికి వచ్చాను. దోవంతా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఆర్డరు పోతుంది, చర్చిలో మాటలు పడతాయి, ఈ ఇంట్లో ఏం జరుగుతుందో తెలియదు. ముందు వరండాలో వంగి తల దులుపుకున్నాను. ఎవరూ చెప్పకుండానే. తర్వాత లోపలికి పోయి, జరిగింది అత్తకు చెప్పాను. ఆమె బిందె దగ్గరికి పోయింది. మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. ఈ ఇంట్లో నాకు ఎవరైనా నీళ్ళిచ్చిన గుర్తు లేదు.

పొద్దు వాలుతుండగా బండి చప్పుడైంది. సాగర్ గేటును కాలితో తోసుకుని వచ్చాడు. ఫొటోల కోసం మిషన్ల దగ్గర నిలబడ్డాడు కదా, కొత్త చొక్కా, కనుబొమలు, జుట్టు అంతా బూడిదరంగు. పెళ్ళయ్యాక ఆయన తల మీద ఆ ఫ్యాక్టరీ దుమ్ము చూడడం అదే మొదటిసారి. నేను గుమ్మంలో నిలబడ్డాను.

“తల దులుపుకోని లోపలికి రా” అన్నాను.

“పక్కకు జరుగు” అన్నాడు. నేను జరగలేదు. “నా బతుకు నాశనం చేసి, నా ఇంట్లోకి నన్నే రానియ్యవా? ఎవురితో మాట్లాడుతుండావో తెలుసా నీకు?” నా భుజం మీదుగా లోపలికి అరిచాడు. “అమ్మా, దీనికి చెప్పు.”

అత్త లోపలి మంచం మీంచి లేచింది. దగ్గుకుంటూ, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. కొడుకును తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఆ చూపు ఎవరిని చూస్తోందో నాకు తెలుసు. గూట్లోంచి దువ్వెన తీసి, నా పక్కనుంచి చెయ్యి చాపి అతని చేతిలో పెట్టింది.

“గాలి అటు పోతాంది నాయనా” అంది. “వీపు ఇటు పెట్టి వొంగు.”